జీపీఏ మాఫీ

సెప్టెంబరు 1, సోమవారం

ఈ డైరీ మెడికల్ రిప్రజెంటేటివ్ ఒకాయన ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా దగ్గుమందు ప్రకటన ఉంది. ఇన్నాళ్లూ ఖాళీగా పడి ఉంటే, ఇవాళ కోపం వచ్చి తీశాను.

కోపం అసిఫ్ సార్ మీద. కువైట్‌లో, ఫర్వానియాలో ఉన్న మా మందుల షాపులో కుడివైపు కౌంటరు ఆయనది, ఎడమవైపు నాది. ఆయన ఫార్మసిస్టు, హైదరాబాదు మనిషి. నేను షాంపూలు, సన్‌స్క్రీన్లు, పిల్లల డైపర్లు అమ్మే మనిషిని. ఇవాళ ఒక ముసలాయన రెండు రకాల బీపీ మాత్రలు చూపించి, పొద్దున ఏది వేసుకోవాలని నన్నడిగాడు. తెల్లది అన్నాను. రెండూ తెల్లవే. అసిఫ్ సార్ పరుగున వచ్చి ఆయన చేతిలోంచి మాత్రలు లాక్కున్నారు.

"దుర్గమ్మా, నువ్వు సబ్బుల కాడ్నే ఉండరాదు? మందుల ముచ్చట నీకెందుకు?" అన్నారు. అందరి ముందూ అన్నారు.

నేను బీఎస్సీ. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎంతకు పాసయ్యానో తెలియదు.

సాయంత్రం ముదీర్, అంటే మా మేనేజరు, ఇంకో కబురు చెప్పాడు. జనవరి నుంచి ఎడమవైపు కౌంటరు తీసేస్తారట. ఫార్మసీ కాలేజీలో సీటు తెచ్చుకున్నవాళ్లను మాత్రం కుడివైపు ట్రైనీలుగా పెట్టుకుంటారట. లేకపోతే ఖలాస్, ఇండియాకి టికెట్టు. "తెచ్చుకున్నవాళ్లను" అన్నాడు గానీ ఎడమవైపు ఉన్నది నేనొక్కదాన్నే.

కాబట్టి ఫార్మసీ చదువుతున్నాను. రాసేశాను కనుక ఇక ఖాయం.

సెప్టెంబరు 2

ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో సాయంత్రం క్లాసులున్నాయి. సైన్సు డిగ్రీ ఉంటే చేరవచ్చు. జీపీఏ నాలుగుకి రెండున్నర ఉండాలి. నాది పదికి 5.42.

పదికి 5.42 అంటే నాలుగుకి ఎంత? ఫోనులో లెక్క వేస్తే 2.17 వచ్చింది. ఫోను పాతది కదా అని షాపు కాలిక్యులేటరులో వేశాను. 2.17. కాగితం మీద వేస్తే 3.1 వచ్చింది. నాకు మొదటినుంచీ కాగితం మీదే నమ్మకం.

ఇంటికొచ్చి బుల్లిరాజు బాబాయిని అడిగాను. నేనుండేది బాబాయి, పిన్నిల దగ్గరే. ఆయన ఏసీ మెకానిక్కు. లెక్కల్లో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం.

"అయిదు దాటిందంటే ఆరు కిందే లెక్కమ్మా. ఆరనుకుని ఎయ్యి" అన్నాడు.

వేశాను. 2.4.

"అయితే ఏడనుకో" అన్నాడు.

సెప్టెంబరు 3

2.17.

సెప్టెంబరు 5, శుక్రవారం

దారి ఉంది. జీపీఏ తక్కువైనవాళ్లు ఎందుకు తక్కువైందో ఒక పేజీ వివరణ రాసి, రెండు సిఫారసు ఉత్తరాలు జతచేస్తే ఇంటర్వ్యూకి పిలుస్తారట. చివరి తేదీ పద్దెనిమిది.

మార్కులు సెమిస్టరు సెమిస్టరుకీ పెరుగుతూ ఉంటే మంచిదని వీడియోలో ఒకావిడ చెప్పింది. నావి వరసగా 5.6, 5.1, 5.0, 4.9, 5.5, 6.4. చివరి మూడూ పెరుగుతూనే ఉన్నాయి. మొదటివి ఎవరు చూడమన్నారు?

వివరణ మొదలుపెట్టాను.

మొదటి కాగితం: తుపాను వచ్చి పుస్తకాలన్నీ కొట్టుకుపోయాయి. (తుపాను వచ్చిన మాట నిజం. మా మేడ మీద ఆరేసిన దుప్పటి కొట్టుకుపోయిన మాటా నిజం. పుస్తకాలు దుప్పటి పక్కనే ఉండి ఉంటే అవీ పోయేవే.)

రెండో కాగితం: నన్ను పెంచిన నానమ్మ చనిపోయింది, ఆ దుఃఖంలో చదవలేకపోయాను. ఇది చాలా బాగా వచ్చింది. రాస్తూ నేనే కళ్లు తుడుచుకున్నాను. అంతలో నానమ్మ వీడియో కాల్ చేసింది. "ఏవే, కళ్లెర్రగా ఉన్నాయి, ఎవరన్నా ఏవన్నా అన్నారా? చెప్పు, నేనొచ్చి కడిగేత్తాను" అంది. కాగితం తలగడ కింద పెట్టేశాను.

మూడో కాగితం: తెలుగు మీడియం నుంచి వచ్చాను, ఇంగ్లీషులో పాఠాలు అర్థం కాలేదు. ఇది నిజమే. కానీ మా క్లాసులో ఫస్టు వచ్చిన పద్మశ్రీది కూడా తెలుగు మీడియమే. ఆవిడ ఇదే కాలేజీకి దరఖాస్తు పెట్టదని నమ్మకం ఏమిటి?

సెప్టెంబరు 7

సిఫారసులు వచ్చేశాయి. ఒకటి ముదీర్ ఇచ్చాడు. "ఈ అమ్మాయి షాంపూలు బాగా అమ్ముతుంది" అని ఒకే వాక్యం. ఫార్మసీలోనే కదా అమ్ముతున్నది, సరిపోతుంది.

రెండోది వలీభాయ్ తెచ్చారు. హుస్సేన్ వలి మా పక్క గదిలో ఉంటారు, రాయచోటి. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా డ్రైవరు. వాళ్లమ్మాయి చదివేది ఆ కాలేజీలోనే, రోజూ దింపేది ఈయనే. ఆ ఇంటి మామాని, అంటే యజమానురాలిని, అడిగి నాకోసం అరబ్బీలో ఉత్తరం రాయించారు. ఆవిడ నన్నెప్పుడూ చూడలేదు.

"మా మామా శానా మంచిది పాపా. నా కోసం ఎట్ల రాసిందో నీకూ అట్లనే రాసింది" అన్నారు. కవరు అంటించి ఉంది.

వలీభాయ్ మాటల్లో సగం రాయచోటి, సగం అరబ్బీ. నేనొచ్చి ఎనిమిది నెలలైంది కనుక నాకంతా అర్థమవుతుంది.

సెప్టెంబరు 9

ఫైలు వలీభాయ్‌కిచ్చి పంపాను. పాస్‌పోర్టు కాపీ, సివిల్ ఐడీ కాపీ, డిగ్రీ సర్టిఫికెట్టు, ఫోటోలు, ఉత్తరాలు రెండు. వివరణ తరవాత ఇస్తానన్నాను. ఇంకేదో కాగితం ఉన్నట్టుంది గానీ ఫైలు నిండిపోయింది.

సెప్టెంబరు 11, గురువారం

ఏం రాయను!

మధ్యాహ్నం షాపులో ఉండగా వలీభాయ్ ఫోను. బండి నడుపుతున్నట్టున్నారు, వెనకాల హారన్లు. "పాపా, కాగితాలన్నీ చూసినాడు. జీపీఏ మాఫీ అన్నాడు! పద్దెనిమిది లోపల నువ్వే రావాలంట!" అన్నారు. సరే సరే అన్నాను. కట్ అయిపోయింది. మళ్లీ చేస్తే ఫోను ఆఫ్. వాళ్ల ఇంటివాళ్లను తీసుకుని సముద్రం దగ్గర షాలేకి, అదే వాళ్ల విడిది ఇంటికి, వెళ్లారట, నాలుగు రోజులు అక్కడే.

జీపీఏ మాఫీ! మా ఇంట్లో ఆ మాటకున్న విలువ ఇంతా అంతా కాదు. నాన్నకు పంట రుణమాఫీ అయిన రోజున కోడిని కోశారు, పక్కింటివాళ్లను కూడా పిలిచారు. రైతులకు రుణం మాఫీ చేస్తారు. బీఎస్సీలకు జీపీఏ మాఫీ చేస్తారన్నమాట. మంచి దేశం.

పద్దెనిమిది లోపల వెళ్లి చేరిపోవడమే.

సెప్టెంబరు 12, శుక్రవారం

సత్యనారాయణమ్మ పిన్ని కొబ్బరి బూరెలు వండింది. సల్వాలో వాళ్ల మామా ఇంట్లో ఆరు రోజులూ వంటే, శుక్రవారం పొయ్యి దగ్గరికి వెళ్లనని ఒట్టు పెట్టుకున్న మనిషి నాకోసం ఒట్టు తీసి గట్టున పెట్టింది.

బాబాయి మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాడు. "మన దుర్గకి జీపీఏ మాఫీ అయిపోయిందండోయ్! మీ అందరి దీవెనలూ కావాలండీ!" అరగంటలో అరవై దండాలు వచ్చాయి. ఒకాయన "ఏ బ్యాంకండీ?" అని అడిగాడు. చిన్నపుల్లయ్య అనే ఆయన "ఇఖామా ఫైన్, అదే వీసా గడువు దాటిన ఫైను, కూడా మాఫీ చేస్తన్నారా? ఏ ఆఫీసుకెళ్లాలి?" అని అడిగాడు. బాబాయి కనుక్కుని చెబుతానన్నాడు.

వివరణ కాగితాలు మూడూ చింపి చెత్తబుట్టలో వేశాను. నానమ్మది చింపేటప్పుడు కొంచెం బాధ కలిగింది. మంచి వచనం.

సెప్టెంబరు 14

అసిఫ్ సార్‌కి బూరెలు ఇచ్చి విషయం చెప్పాను. తాపీగా చెప్పాను.

"ఎవలు మాఫీ చేసిండ్రమ్మా? మార్కులు గూడ మాఫీ అయితయా?" అన్నారు.

"కాలేజీవాళ్లే సార్."

"కాగితం ఏమన్న ఇచ్చిండ్రా? ఇంకోసారి అడిగినవా?"

అసూయ. రెండు బూరెలు తిని, మూడోది కాగితంలో చుట్టుకున్నారు కూడా.

సెప్టెంబరు 16, మంగళవారం

వలీభాయ్ తిరిగొచ్చారు. ఎండకి మొహం నల్లబడింది. ఆయన వస్తూ దారిలో బకాలాలో, అదే కిందున్న సరుకుల కొట్లో, పాలు తెస్తారని పిన్ని చూస్తోంది. నేను చపాతీ తింటున్నాను.

"పాలు తెచ్చారా వలీభాయ్?"

"పాలు మాఫీ అక్కా. పెరుగు మాఫీ. గుడ్లు గూడా మాఫీ. లారీ రాలేదంట."

చేతిలో చపాతీ పళ్లెంలో పెట్టేశాను.

"వలీభాయ్, ఆ రోజు కాలేజీవాడు ఏమన్నాడు?"

"చెప్పినా గదా పాపా! జీపీఏ కాగితం మాఫీ. ఫైల్లో లేదు. అది ఎత్తుకొని పద్దెనిమిది లోపల నువ్వే రావాలన్నాడు. నువ్వు సరే సరే అంటివే!"

బాబాయి చాలాసేపు లెక్క వేసి, "అంటే మాఫీ అన్నది మాఫీ అన్నమాట" అన్నాడు. పిన్ని ఆయన వైపు చూసిన చూపుకి ఆయన ఏసీ బాగు చేస్తానని లేచాడు. ఏసీ బాగానే ఉంది.

మాఫీ అంటే లేదు. కువైట్‌లో దిగిన మొదటి రోజున నేర్చుకున్న మాట. రోజుకి వందసార్లు నా నోటితో నేనే అంటాను. ఈ షాంపూ మాఫీ, ఆ సైజు డైపర్ మాఫీ. అలాంటిది ఆ ఒక్కసారి, ఆ ఒక్క ఫోనులో, నాకు మా నాన్న పాసుపుస్తకం గుర్తొచ్చింది.

మార్కుల మెమో దొరికింది. పెట్టె అడుగున, చీరల కింద, తువ్వాలులో చుట్టి, పైన పిన్నీసు పెట్టి ఉంది. అంత జాగ్రత్తగా ఎవరు చుట్టారో.

నేనే చుట్టాను.

సెప్టెంబరు 17, బుధవారం

సెలవు పెట్టి వలీభాయ్ బండిలో వెళ్లాను. కౌంటరు అతను మెమో తీసుకుని, 5.42 దగ్గర వేలు ఆనించి, నన్ను చూసి, వివరణ ఏదన్నాడు. చింపేశానని చెప్పలేను కదా. ఒక తెల్ల కాగితం ఇచ్చాడు. కౌంటరు మూయడానికి నలభై నిమిషాలుంది.

తుపాను గురించి రాద్దామనుకున్నాను. కొట్టుకుపోయిన దుప్పటి తప్ప ఏమీ గుర్తురాలేదు. నానమ్మని ఇంకోసారి చంపడానికి చెయ్యి రాలేదు. పదిహేను నిమిషాలు అలాగే కూర్చున్నాను. తరవాత నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. తెలుగులో అయితే ఇంతే:

"మూడేళ్లలో మా ఇంట్లో ఎవరూ చనిపోలేదు. పాఠం చెప్పాక సారు అర్థమైందా అని అడిగేవారు. అందరూ అర్థమైంది సార్ అనేవారు. నేనూ అనేదాన్ని. నాకు అర్థమయ్యేది కాదు. మూడేళ్లూ అలాగే అన్నాను. అందుకే నా జీపీఏ ఇంత. చివరి సెమిస్టరులో పక్కన కూర్చున్న పద్మశ్రీని అడగడం మొదలుపెట్టాను. అందుకే అప్పుడు 6.4 వచ్చింది."

ఇచ్చేసి బయటికొచ్చాను. చాలా సిగ్గేసింది. తుపానే రాయాల్సింది.

సెప్టెంబరు 18

ఇంటర్వ్యూకి రమ్మన్నారు. సోమవారం. ఈసారి కాలేజీకి నేనే ఫోను చేసి, రావడమంటే రావడమేనా అని రెండుసార్లు అడిగాను.

సెప్టెంబరు 22, సోమవారం

గదిలో ఒక డాక్టరు, అంటే ప్రొఫెసరు. కువైటీ ఆవిడ, కళ్లజోడు, ముందు నా ఫైలు. మొదట సిఫారసు ఉత్తరం తీసి, నన్ను ఎగాదిగా చూసి, నీకు లైసెన్సు ఉందా అని అడిగింది.

ఏం లైసెన్సు?

"ఇందులో నువ్వు ఇరవై రెండేళ్లుగా వాళ్ల బండి నడుపుతున్నావనీ, ఒక్క గీత కూడా పడలేదనీ, పిల్లల్ని వేళకు బడికి దింపుతావనీ ఉంది. నీ వయసు ఇరవై నాలుగు."

మామా నిజంగానే మంచిది. వలీభాయ్‌కి ఎలా రాసిందో నాకూ అలాగే రాసింది. పేరు మార్చింది.

ఎవరి ఉత్తరమో చెప్పాను. ఆవిడ నవ్వకుండా పెదవి కొరుక్కుంది. తరవాత నా వివరణ చదివింది. తరవాత కాలేజీ గురించి, క్లాసులు, ల్యాబ్‌లు, మొదటి టర్ము గురించి గడగడా ఇంగ్లీషులో రెండు నిమిషాలు చెప్పి, "అర్థమైందా?" అంది.

"అర్థమైంది డాక్టర్" అన్నాను.

నేననలేదు. నా నోరు అనేసింది. ఆవిడ నా వివరణ వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ కాగితం వైపు చూసింది.

"కాలేదు డాక్టర్. ల్యాబ్ దాకా అర్థమైంది. ఆ తరవాత ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి" అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి.

మళ్లీ చెప్పింది. నెమ్మదిగా. ఈసారి నిజంగా అర్థమైంది. తరవాత మెమో ఎందుకు ఆలస్యమైందని అడిగింది. ఇక దాచేదేముందని మాఫీ సంగతి మొత్తం చెప్పాను, రుణమాఫీ, కొబ్బరి బూరెలు, ఏ బ్యాంకని అడిగినాయన, అంతా. ఆవిడ కళ్లజోడు తీసి టేబుల్ మీద తల పెట్టి నవ్వింది. పక్కగదిలోంచి ఇద్దరిని పిలిచి మళ్లీ చెప్పమంది. వాళ్లు ఇంకొకాయన్ని పిలిచారు. మూడోసారికి బాగా చెప్పాను.

నవ్వించాను గానీ సీటు ఇస్తారా? ఏమీ చెప్పలేదు. నవ్విన నలుగురూ నా జీపీఏ చూసి నవ్వినవాళ్లు కూడా కావచ్చు.

సెప్టెంబరు 24

కబురు లేదు. ముదీర్ ఎడమవైపు అలమరాల కొలతలు తీయించాడు.

సెప్టెంబరు 25

డైపర్లు రెండు డబ్బాలు తప్పు సైజు ఇచ్చాను.

సెప్టెంబరు 28

ఇండియా వెళ్లి ఏం చెయ్యను? ఆ మాట పిన్ని అడిగితే చాలా చేస్తానన్నాను. ఏదీ తోచలేదు. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. కుడివైపు.

సెప్టెంబరు 30, మంగళవారం

పొద్దున పదకొండుకి వలీభాయ్ షాపుకే వచ్చారు, కాలేజీ కవరుతో. తెరిస్తే మొత్తం అరబ్బీ.

వలీభాయ్‌కి అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అసిఫ్ సార్ రోజూ ఖురాన్ చదువుతారు కనుక చదవడం వచ్చు, ఆఫీసు అరబ్బీ అర్థం కాదు. నాకు రెండూ రావు. పిన్ని ఫోనులో ఉంది, సల్వాలో వంకాయలు వేగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అసిఫ్ సార్ కళ్లజోడు పెట్టుకుని తడుముకుంటూ పైకి చదివారు. వలీభాయ్ కళ్లు మూసుకుని విన్నారు.

"...ఖుబూల్..." అన్నారు అసిఫ్ సార్.

ఆ మాట నాకు తెలుసు. నిఖాలో అంటారు. వలీభాయ్ ఎగిరి గంతేశారు. "ఖుబూల్ పాపా! ఒప్పుకున్నారు! సీటొచ్చె!"

ఫోనులో పిన్ని ఏడుపు మొదలుపెట్టింది. దగ్గుమందు కోసం వచ్చిన బెంగాలీ ఆయన చప్పట్లు కొట్టాడు.

"ఠైరో భాయ్" అన్నారు అసిఫ్ సార్. "పక్కకే ఇంకో లఫ్జ్ ఉన్నది. మష్రూత్."

"అంటే?" అన్నాను.

"షరతు పెట్టిండ్రు. మా ఉర్దూల గూడ గదే."

మామూలుగా అయితే సరే సరే అనేదాన్ని. "ఏం షరతు సార్? మొత్తం చదవండి. వలీభాయ్, మొత్తం చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి" అన్నాను. తెలియదన్నారు ఇద్దరూ. కాలేజీకి ఫోను చేసి ఇంగ్లీషులో అడిగాను, రెండోసారీ అడిగాను, అతను చెప్పినదాన్ని కాగితం మీద రాసుకుని తిరిగి అతనికే చదివి వినిపించాను. మొదటి టర్ములో ఆర్గానిక్ కెమిస్ట్రీలో బీ గ్రేడు రావాలి. రాకపోతే సీటు రద్దు.

వలీభాయ్‌కి చెప్పాను. ఆయన తల ఊపారు. "అయితే బీ రాకుంటే సీటు మాఫీ."

"ఏ మాఫీ వలీభాయ్? మీదా, మాదా?"

అసిఫ్ సార్ అంత గట్టిగా నవ్వడం ఈ ఎనిమిది నెలల్లో చూడలేదు. తరవాత లోపలికి వెళ్లి ముదీర్‌తో మాట్లాడి వచ్చి, జనవరి నుంచి నన్ను తన దగ్గర పెట్టారని చెప్పారు. బీ వచ్చేదాకా మాత్రలు ముట్టుకోకూడదట, డాక్టర్ల మందుల చీటీలు చదివి పెట్టాలట.

సామాను గదిలోకి వెళ్లి డైపర్ల డబ్బా మీద కూర్చుని ఏడ్చాను. సంతోషమే.

అక్టోబరు 1

గ్రూపులో బాబాయి మళ్లీ గొంతు పెట్టాడు. ఈసారి పెట్టేముందు నాకు వినిపించమన్నాను. చిన్నపుల్లయ్య గారికి విడిగా ఫోను చేసి ఇఖామా ఫైన్ మాఫీ లేదని చెప్పాను. "మాఫీ మాఫీనా?" అన్నాడు పాపం. అవునండీ అన్నాను.

అక్టోబరు 3, శుక్రవారం

ఆదివారం నుంచి క్లాసులు. డిగ్రీలో నన్ను మూడుసార్లు ఫెయిల్ చేసింది ఈ ఆర్గానిక్ కెమిస్ట్రీయే. 5.42ని ఎవరూ మాఫీ చెయ్యలేదు, అది అక్కడే ఉంది. భయంగా ఉంది.

పాత పుస్తకాలమ్మే చోట ఆ పుస్తకం కొనుక్కొచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పేజీ చదివాను. అర్థమైంది.

మళ్లీ చదివాను. అర్థం కాలేదు. రేపు అసిఫ్ సార్‌ని అడుగుతాను.